పిశాచానికి అంటగట్టరాని చావులు

కిందటి వేసవిలో నేను ఒక పెద్ద కథ మొదలుపెట్టాను. మా విశాఖపట్నం వన్‌టౌన్‌లో 1780లో జరిగిన సిపాయిల తిరుగుబాటు చుట్టూ అల్లుకున్న కథ అది. ఆ ఏడాది సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర హైదర్ అలీ సేనల చేతిలో కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) దళం ఒకటి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మద్రాసుకు బలగాలు కావలసి వచ్చి, ఉత్తర సర్కారుల సిపాయిలను ఓడలెక్కించి పంపమని ఆజ్ఞలు వచ్చాయి. అక్టోబరు 3న విశాఖ రేవులో ఓడ ఎక్కవలసిన సిపాయిలు ఎక్కబోమన్నారు, చేతిలో ఉన్న తుపాకులను తమ అధికారుల మీదికే తిప్పారు. 1857కు 77 సంవత్సరాల ముందు, మేము రోజూ కూరగాయలకు నడిచే వీధులకు కూతవేటు దూరంలో జరిగిన ఈ సంగతి తెలిసిన నాటి నుంచి, దీని మీద ఏదైనా రాయకపోతే నాకు నిద్రపట్టదనిపించింది.

అయితే నేను దానిలోకి ఒక రక్తపిశాచిని తెచ్చాను. కుంఫిణీ వైద్యుడి పెట్టెలో ఐరోపా నుంచి ప్రయాణం చేసి వచ్చిన ఆ పిశాచి, రాత్రివేళ సిపాయిల కలల్లోకి దూరి, వారి నెత్తురు తాగి, వారి మనస్సులను తన వశం చేసుకుని, చివరికి వారిచేత తుపాకులు పేల్పిస్తుంది. నలభై పేజీలు రాశాక, పోర్టులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మా మేనమామకు ఇచ్చాను. ఆయన రెండు రోజులు ఉంచుకుని, కాగితాలు తిరిగి నా చేతిలో పెడుతూ, "ఏటమ్మా ఇది? ఓడ ఎక్కం అన్నది ఆ సిపాయిలు కదా. ఆ మాట దెయ్యం చేత పలికించేసేవేటి? మరి ఆళ్లకి నోరు లేదా?" అన్నారు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఇల్లూ పిల్లలనూ వదిలి, సముద్రం మీదుగా, తమది కాని యుద్ధానికి వెళ్లబోమని ప్రాణాలకు తెగించి నిలబడిన మనుషుల నిర్ణయాన్ని నేను పూనకం కిందికి మార్చేశాను. వారు చేసిన హత్యల బరువు కూడా అలాగే వారి మీదినుంచి జారిపోయింది. కోపం, భయం, ఆలోచన, నేరం అన్నీ పిశాచానికే వెళ్లిపోగా, సిపాయిలకు మిగిలింది ఎరుపు రంగు కోటు మాత్రమే. ఆ రోజు నుంచి ఈ రకమైన సాహిత్యాన్ని, అంటే నిజంగా జరిగిన చరిత్రలోకి రక్తం తాగే పిశాచాన్ని ప్రవేశపెట్టే కల్పనను, నేను వేరే కంటితో చదవడం మొదలుపెట్టాను. ఈ కథలో పిశాచం ఎవరి నేరాన్ని మోస్తోంది, ఎవరి పక్షాన నిలుస్తోంది అన్నదే ఇప్పుడు నేను మొదట వెతికే విషయం.

ఈ సాహిత్యం మనకు పడమర నుంచి వచ్చిన కొత్త సరుకని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కాని మన నేల మీద జరిగిన యుద్ధంలోకే పిశాచాలను దింపిన కావ్యం ఒకటి తొమ్మిది వందల సంవత్సరాల నుంచీ ఉంది. పన్నెండవ శతాబ్దపు తొలినాళ్లలో జయంగొండార్ అనే తమిళ కవి రాసిన కలింగత్తుప్పరణి అది. మొదటి కులోత్తుంగ చోళుడి సేనాని కరుణాకర తొండైమాన్, కలింగ రాజు అనంతవర్మ చోడగంగుని మీద సాధించిన గెలుపు దాని వస్తువు. యుద్ధంలో వేయి ఏనుగులను కూల్చిన వీరుడికి పాడేది పరణి అని తమిళ లక్షణకారులు చెబుతారు. ఈ కులోత్తుంగుడు ఎవరో కాదు, నన్నయ భారతాన్ని అంకితం పొందిన వేంగీ చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడి కుమారుడు. సింహాచలం గుడిలో దొరికిన పాత శాసనాల్లో ఒకటి, 1098-99 నాటిది, ఈయన కాలానిదే. శాసనాల్లో మా ఊరికి కులోత్తుంగచోళపట్టణమనే పేరు కూడా ఈయన వల్లనే వచ్చింది.

ఆ కావ్యంలో యుద్ధాన్ని మనకు చెప్పేది సైనికులు కాదు, ఆకలితో డొక్కలు మాడుతున్న పిశాచాలు. తమిళంలో వాటిని పేయ్ అంటారు. ఎండిన అడవి నడుమ కాళి కోవెలలో అవి తిండి లేక అమ్మవారి ముందు మొరపెట్టుకుంటాయి. కలింగంలో యుద్ధం జరిగిందన్న కబురు రాగానే రణభూమికి పరుగెత్తి, చచ్చిన ఏనుగుల మధ్య, విరిగిన రథాల మధ్య, రక్తమాంసాలతో అంబలి కాచుకుని, వరుసగా కూర్చుని తాగి, కడుపు నిండిన తరువాత గెలిచిన రాజును నోరారా దీవిస్తాయి. కావ్యంగా చూస్తే ఇంత భయానకమూ ఇంత ఉల్లాసమూ ఒకే పంక్తిలో కూర్చోవడం నేను మరెక్కడా చూడలేదు. మా కలింగం వారిని తిన్న పిశాచాల వంట గురించి చదువుతూ నేను నవ్వాను కూడా. ఆ నవ్వు ఆగిన తరువాత, చనిపోయిన వారిలో ఒక్క మామూలు కలింగ బంటు పేరైనా నాకు గుర్తు లేదని గమనించాను. పేయ్‌లు గెలిచినవాడి పక్షాన ఉన్నాయి, గెలిచినవాడు పెట్టిన అంబలి తాగాయి, అందుకే అతని కీర్తిని పాడాయి. కవి ఆ ఏర్పాటును ఎక్కడా దాచలేదు. చరిత్రలోకి పిశాచాన్ని తెచ్చినప్పుడు అది ఎవరో ఒకరి కూడు తింటుందని ఆయన నిస్సంకోచంగా చూపించాడు.

ఇప్పుడు ఐరోపా సంగతికి వస్తాను. వాంపైర్ అనే మాట ఇంగ్లీషులోకి 1732 ప్రాంతంలో పత్రికల ద్వారా దిగింది. దాని వెనుక ఉన్నవి సర్కారు కాగితాలు. 1718లో పస్సరోవిట్జ్ ఒప్పందంతో ఉత్తర సెర్బియా తురుష్కుల చేతి నుంచి ఆస్ట్రియా చక్రవర్తి చేతికి మారింది. ఊళ్లు అవే, మనుషులు అవే, సర్కారు కచేరీ మాత్రం కొత్తది. 1725లో అక్కడి కిసిలోవా అనే గ్రామంలో పీటర్ బ్లగోయెవిచ్ అనే రైతు చనిపోయాడు. అతన్ని పూడ్చిపెట్టిన పది వారాలకు, ఎనిమిది రోజుల వ్యవధిలో తొమ్మిది మంది, ఒక్కొక్కరు ఒక్కరోజు జబ్బుతో, పోయారు. పోయేముందు వాళ్లు పీటర్ తమ నిద్రలో వచ్చి, మీద పడుకుని, గొంతు నులిమాడని చెప్పారట. అతని భార్య అయితే, అతను రాత్రి ఇంటికి వచ్చి తన చెప్పులు అడిగాడని చెప్పి, ఊరు విడిచి వెళ్లిపోయింది. ఈ చెప్పుల సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. దెయ్యాల కథలు అల్లేవాడెవడూ చెప్పుల గురించి ఆలోచించడు. భర్త పోయిన ఇంట్లో గడప పక్కన చెప్పులు ఇంకా అలాగే ఉన్న ఆడమనిషికి మాత్రమే అలాంటి కల వస్తుంది.

ఊరివాళ్లు గోరీ తవ్వాలన్నారు. గ్రాడిస్కా జిల్లా అధికారి ఫ్రోంబాల్డ్ బెల్‌గ్రేడ్ నుంచి అనుమతి రావాలన్నాడు. అంతవరకు ఆగితే ఊరు మొత్తం నాశనమవుతుందని, తురుష్కుల కాలంలో ఇలాగే ఒక ఊరు పోయిందని, అనుమతి లేకపోతే తామంతా ఊరు ఖాళీ చేసి పోతామని వాళ్లు చెప్పారు. పన్ను కట్టే రైతులు లేచిపోతే కొత్త సర్కారుకు మిగిలేదేమిటి? ఫ్రోంబాల్డ్ ఒక అర్చకుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి, తవ్వించి, తాను చూసినదంతా రాశాడు. శవం చెడలేదని, ముక్కు మాత్రం కొంత కుంగిందని, జుట్టూ గడ్డమూ గోళ్లూ పెరిగాయని, పాత చర్మం ఊడి కింద కొత్తది కనిపించిందని, నోట్లో తడి నెత్తురు ఉందని రాశాడు. ఊరివాళ్లు గుండెలో కర్ర దిగ్గొట్టగా చెవుల నుంచీ నోటి నుంచీ రక్తం కారింది. తరువాత శవాన్ని కాల్చేశారు. నివేదిక చివర ఆయన, ఇందులో ఏదైనా పొరపాటు జరిగి ఉంటే దాన్ని తన మీద కాకుండా భయంతో ఒళ్లు తెలియని స్థితిలో ఉన్న జనం మీద మోపవలసిందిగా పై అధికారులను వేడుకున్నాడు. అదే ఏడాది జులై 21న వియన్నా పత్రికలో అది అచ్చయింది.

ఆయన రాసిన వాటిలో అబద్ధమేమీ లేదు. శవం లోపల పుట్టే వాయువులు కడుపును ఉబ్బించి, కుళ్లిన ద్రవాన్ని నెత్తురు రంగుతో నోటికీ ముక్కుకూ తోస్తాయి. చర్మం ముడుచుకుపోవడం వల్ల గోళ్లు, గడ్డం పెరిగినట్లు కనిపిస్తాయి. పై పొర ఊడినప్పుడు కింద లేత రంగు బయటపడుతుంది. చల్లని నేలలో శవం చాలాకాలం చెడకుండా ఉంటుంది. కళ్లు చూసింది నిజం, చెప్పుకున్న కారణం తప్పు. చరిత్రలో కల్పనకు ఇంతకంటే మంచి చోటు దొరకదని నా నమ్మకం. ఒక వైపు గుక్కపెట్టి ఏడుస్తున్న ఊరు, మరో వైపు తన ఉద్యోగం గురించి బెంగపడుతున్న గుమాస్తా, నడుమ తొమ్మిది చావులకు జవాబు చెప్పలేని శవం. 1732 జనవరిలో మెద్వెద్యా అనే మరో ఊరిలో సైనిక వైద్యుడు ఫ్లూకింగర్ ఇలాంటి శవ పంచనామానే మరింత పెద్దగా చేశాడు. అక్కడ కథకు మూలపురుషుడు గడ్డిబండి మీదినుంచి పడి మెడ విరిగి చనిపోయిన ఆర్నాల్డ్ పావులే అనే మనిషి. మూడు నెలల్లో 17 మంది పోయారని ఆ పంచనామా చెబుతుంది. మొత్తం ఐరోపా దాన్ని చదివి ఊగిపోయింది. 1755లో ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా తన వైద్యుడు గెరార్డ్ వాన్ స్వీటెన్ సలహా మీద ఇలా గోరీలు తవ్వడాన్ని నిషేధించేదాకా ఈ వ్యవహారం సాగుతూనే ఉంది.

కిసిలోవా కాగితాన్ని చదివిన రాత్రి నాకు మన బేతాళుడు గుర్తొచ్చాడు. శ్మశానంలో చెట్టుకు వేలాడే శవంలో ఉంటాడు కాబట్టి, 1870లో రిచర్డ్ బర్టన్ ఈ కథలను ఇంగ్లీషులో చెప్పినప్పుడు ఆయన్ని పుస్తకం పేరులోనే వాంపైర్ చేశాడు. ఆ పేరు నాకు ఎప్పుడూ నచ్చలేదు. బేతాళుడు విక్రమార్కుడి భుజం మీద ప్రయాణం చేసినంత సేపూ ఒక్క చుక్క నెత్తురు తాగడు. కథ చెప్పి ప్రశ్న అడుగుతాడు, ఆ ప్రశ్న చాలాసార్లు ఈ పాపం ఎవరిది అన్నదే. కథాసరిత్సాగరంలో పదకొండవ శతాబ్దపు సోమదేవుడు చెప్పిన బేతాళ కథల్లో హరిస్వామి కథ ఒకటుంది. బిచ్చానికి వచ్చిన హరిస్వామి అనే బ్రాహ్మణుడికి ఒక ఇల్లాలు పాలూ నెయ్యీ చక్కెరా వేసిన అన్నం పెట్టింది. అతను దాన్ని చెరువు గట్టున మర్రిచెట్టు కింద పెట్టి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. చెట్టు మీద వాలిన గద్ద గోళ్ల మధ్య చచ్చిన పాము ఉంది, దాని నోటి నుంచి విషం అన్నంలో పడింది. అతను తిని, ఆ ఇంటికే తిరిగివచ్చి, నీ అన్నమే నన్ను చంపిందని చెప్పి ప్రాణం విడిచాడు. భర్త ఏమీ విచారించకుండా ఆ ఇల్లాలిని ఇంట్లోంచి వెళ్లగొట్టాడు.

బ్రాహ్మణ హత్యా పాతకం ఎవరిదని బేతాళుడు అడుగుతాడు. పాముది కాదు, అది శత్రువు చేత చిక్కి ఉంది. గద్దది కాదు, అది తన ఆహారం తను తెచ్చుకుంది. అన్నం పెట్టినవాళ్లది కాదు, వాళ్లు ధర్మం చేశారు. ఆలోచించకుండా వీళ్లలో ఎవరో ఒకరిని దోషి అన్నవాడిదే ఆ పాపం అని రాజు చెబుతాడు. ఈ జవాబును చిన్నప్పటి నుంచీ ఎన్నోసార్లు చదివినా, కిసిలోవా పక్కన పెట్టి చూసినప్పుడే దాని బరువు నాకు తెలిసింది. సమాధానం దొరకని చావు ఎదురైనప్పుడు మనిషి చేయి వెంటనే ఎవరో ఒకరి వైపు చూపిస్తుంది. ఇంగ్లీషువాళ్లు వాంపైర్ అని పేరుపెట్టిన మన పిశాచమే ఆ చేతిని పట్టుకుని ఆపుతుంది. ఈ కథలన్నిటికీ మూలమైన బృహత్కథను గుణాఢ్యుడు అడవిలో సిరా దొరకక తన నెత్తురుతో, పైశాచీ భాషలో రాశాడని, శాతవాహన రాజు దాన్ని తిరస్కరించగా ఒక్కో పత్రాన్నీ మృగాలకు చదివి వినిపిస్తూ మంటల్లో వేశాడని కూడా సోమదేవుడే చెప్పాడు. మనకు పిశాచ భాష అంటే కథ చెప్పుకునే భాష. నెత్తురు అందులో సిరా.

ఇక అందరికీ తెలిసిన డ్రాక్యులా. ఈ రకం రచనల్లో నూటికి తొంభై మంది మొదట వెళ్లి తట్టేది ఆ తలుపే. డ్రాక్యులా అని పేరుపడ్డ మూడవ వ్లాద్, పదిహేనవ శతాబ్దంలో వలేకియాను (ఇప్పటి రుమేనియాలో ఒక భాగం) ఏలుతూ వేలమందిని కొరత వేయించిన, అంటే శూలాలకు గుచ్చి చంపించిన పాలకుడు. 1462లో సుల్తాన్ రెండవ మెహమెద్ దండు మీద రాత్రివేళ దాడి చేసి నిలిచినవాడు. అతని గురించి నెత్తురోడే కథలను మొదట అచ్చువేసి అమ్మినవి జర్మన్ కరపత్రాలు, వాటి వెనుక ట్రాన్సిల్వేనియాలోని జర్మన్ వర్తకులతో అతనికి ఉన్న తగాదాలు ఉన్నాయి. వ్లాద్ కొరతలకు రాజకీయం ఉంది, వ్యాపారం ఉంది, సరిహద్దు భయం ఉంది. అతణ్ణి అమరుడైన పిశాచిగా చేసిన ప్రతి నవలలోనూ ఈ మూడూ మాయమై, దాహం ఒక్కటే మిగులుతుంది. మనిషి మనిషికి అంత ఘోరం చేయగలడన్న నిజాన్ని తట్టుకోలేక పాఠకుడు పిశాచాన్ని ఆశ్రయిస్తాడేమో. నాకు మాత్రం అది వ్లాద్‌కు ఇచ్చిన క్షమాభిక్షలా కనిపిస్తుంది.

డ్రాక్యులా నవల రాసిన బ్రామ్ స్టోకర్‌ను మాత్రం నేను ఇందులో తప్పుపట్టను. ఆయన 1890 వేసవిలో విట్బీ అనే ఇంగ్లీషు రేవు పట్టణంలో ఉండగా, అక్కడి లైబ్రరీలో విలియం విల్కిన్సన్ 1820లో రాసిన వలేకియా వివరణలో డ్రాక్యులా అన్న పేరు చూసి, ఆ భాషలో దానికి దెయ్యమని అర్థమన్న అధోజ్ఞాపికను నోట్సులో ఎక్కించుకున్నాడు. అప్పటివరకు తన పాత్రకు పెట్టుకున్న కౌంట్ వాంపైర్ అన్న పేరు కొట్టేశాడు. రేవు పట్టణం మనిషిగా నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆయన ఓడ. 1885 అక్టోబరులో నార్వా రేవుకు చెందిన దమిత్రి అనే రష్యా ఓడ, ఇసుక బరువుతో, తుపానులో విట్బీ ఇసుకతిన్నెకు కొట్టుకువచ్చింది. దాని నావికులు బతికారు. 1897లో వచ్చిన నవలలో అది వార్నా నుంచి బయలుదేరిన దమేతర్ అయింది, కళాసీలందరూ ఒక్కొక్కరే మాయమై, చచ్చిన కెప్టెన్ చక్రానికి కట్టుబడి ఒడ్డు చేరాడు. నార్వాలోని అక్షరాలు అటూ ఇటూ చేస్తే వార్నా. నిజమైన ఓడను తీసుకుని, నిజంగా బతికినవాళ్ల జోలికి వెళ్లకుండా, పేరు మార్చి పక్కన మరో ఓడను కట్టడంలో ఉన్న మర్యాద నాకు నచ్చింది.

ఈ మర్యాద నాకు ఎందుకు అంత ముఖ్యమో చెప్పాలంటే పుస్తకాల బయటికి రావాలి. 1892లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో, క్షయతో పోయిన మెర్సీ బ్రౌన్ అనే పంతొమ్మిదేళ్ల అమ్మాయి గోరీ తవ్వి, గుండె కాల్చి, ఆ బూడిదను అదే జబ్బుతో ఉన్న ఆమె అన్న చేత తాగించారు. అతను బతకలేదు. క్షయ క్రిమిని రాబర్ట్ కాక్ అనే జర్మన్ వైద్యుడు బయటపెట్టి అప్పటికే పదేళ్లు. మన వైపు చూస్తే, మా విశాఖ ఏజెన్సీ గ్రామాల్లో చిల్లంగి (చేతబడి) పెట్టారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు నా తరం వాళ్లం పేపర్లలో చదువుతూ పెరిగాం. చాలాసార్లు పోయేది ఒంటరిగా ఉండే ముసలమ్మో, ఊళ్లో ఎవరితోనో పొలం తగాదా ఉన్న మనిషో. పిల్లలకు వచ్చిన జ్వరానికి మందు దొరకని చోట చిల్లంగి దొరుకుతుంది. ఇది తెలిసిన ప్రాంతంలో కూర్చుని పిశాచాల కథలు రాసేవాళ్లకు, ఫలానా చావుకు ఫలానా శక్తి కారణమని రాయడం తేలికైన ఆట కాదు.

అలాగని పుకార్లన్నిటినీ మూఢత్వమని తోసెయ్యడమూ తప్పే. వంతెన నిలబడాలంటే పునాదిలో పిల్లలను వేయాలని, అందుకే దొరల మనుషులు గోనెసంచులతో తిరుగుతున్నారని చెప్పి మా అమ్మమ్మ మమ్మల్ని మధ్యాహ్నం పూట ఇల్లు కదలనిచ్చేది కాదు. తూర్పు ఆఫ్రికాలో ఇంగ్లీషు పాలన కాలంలో అగ్నిమాపక దళం వాళ్లు మనుషులను పట్టుకుని నెత్తురు తీస్తారన్న పుకార్లు దశాబ్దాల పాటు నడిచాయి, వాటి మీద లూయీజ్ వైట్ అనే చరిత్రకారిణి 2000లో ఒక పెద్ద పుస్తకమే రాశారు. ఆ పుకార్లను నిజమా అబద్ధమా అని మాత్రమే చూడకుండా, పరాయి పాలనలో పనిచేసే మనుషులు తమ అనుభవాన్ని చెప్పుకున్న భాషగా ఆమె చదివారు. మా అమ్మమ్మ గోనెసంచి కథలోనూ ఎవరో ఎప్పుడో కూలికి వెళ్లి తిరిగి రాకపోవడం ఉండి ఉంటుంది. అలాంటి చోట పిశాచం బలహీనుడి పక్షాన ఉంది. అతనికి పేరుపెట్టడానికి ధైర్యం చాలని దాన్ని అది పేరుపెట్టి పిలుస్తోంది.

ఇవన్నీ తలలో తిరుగుతుండగా నేను 1780ని పక్కన పెట్టి 1804కు వచ్చాను. ఆ ఏడాది సెప్టెంబరు 15న ఫ్రెంచి నౌకాధిపతి లినువా మూడు యుద్ధనౌకలతో, 74 ఫిరంగుల మరెంగో ముందుండగా, విశాఖ రేవు మీదికి వచ్చాడు. ఇక్కడ లంగరు వేసి ఉన్నవి ఇంగ్లీషు యుద్ధనౌక సెంచూరియన్, సరుకు ఓడలు ప్రిన్సెస్ షార్లెట్, బార్నబీ. సెంచూరియన్ కెప్టెన్ లిండ్ ఆ ఉదయం ఒడ్డున ఉన్నాడు, అతని లెఫ్టినెంటు ఫిలిప్స్ పోరాటం మొదలుపెట్టాడు. ఒడ్డు మీది ఫిరంగులు కూడా పేలాయి. సెంచూరియన్ చితికిపోయినా నిలబడింది, ప్రిన్సెస్ షార్లెట్‌ను ఫ్రెంచివాళ్లు పట్టుకుపోయారు, బార్నబీ లంగరు తాడు తెంపుకుని ఒడ్డుకు కొట్టుకువచ్చి కెరటాల్లో బద్దలైంది. బీచ్ రోడ్డు మీద నడుస్తూ ఈ సంగతి తలుచుకున్న ప్రతిసారీ, విట్బీకి దమిత్రి ఉన్నట్లు మాకూ ఒక ఓడ ఉందని నాకు ఒళ్లు పులకరిస్తుంది. పైగా అప్పుడు ఇక్కడ హార్బరు లేదు, అది 1933లో వచ్చింది. ఓడలు దూరంగా సముద్రంలో ఆగేవి. కెరటాలు దాటి మనిషి గాని మూట గాని ఒడ్డు చేరాలంటే మసులా పడవలే దిక్కు. మేకు అన్నది లేకుండా, పలకలను కొబ్బరి తాడుతో కుట్టి కట్టిన పడవలు అవి. కెరటం కొట్టినప్పుడు విరగకుండా వంగుతాయి. వాటిని నడపడం ఇక్కడి పల్లెకారులకే తెలిసిన విద్య.

ఇంటివాళ్లు ఒకసారి లోపలికి పిలిస్తే తప్ప పిశాచి గడప దాటలేదని స్టోకర్ పెట్టిన నియమం ఇక్కడ నాకు పనికొచ్చింది. మా సముద్రానికి కెరటమే గడప. బార్నబీ పక్కన నేను కట్టుకున్న మరో ఓడలో ఒక పెట్టె ఉంది. దాన్ని ఒడ్డుకు చేర్చాలంటే ఏ కెప్టెను ఆజ్ఞా చాలదు, ఫిరంగులు మోగుతున్న వేళ ఒక పడవవాడు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే కూలి ఉంది, కాదంటే కచేరీలో దెబ్బలున్నాయి. నా కొత్త కథలో పిశాచం ఎవరినీ వశం చేసుకోదు, ఎవరి తుపాకీనీ పేల్చదు. ఆ రోజు ఫిరంగి గుండ్లకు పోయినవారు ఫిరంగి గుండ్లకే పోయారు, నేను ఒక్కరి చావు కూడా దాని ఖాతాలో రాయలేదు. అది పెట్టెలో పడుకుని, పడవవాడిని బేతాళుడిలా ప్రశ్నలు అడుగుతుంది. నిన్ను ఈ నిప్పుల మధ్యకు పంపింది నేనా అని అడుగుతుంది. పిశాచం నోట మొదటిసారి నాకు సరైన మాట వచ్చిందని ఆ వాక్యం రాసిన రాత్రి సంతోషంతో కళ్లు చెమర్చాయి.

పోయిన ఆదివారం మా మామయ్యకు ఆ అధ్యాయం చదివి వినిపించాను. కళ్లు మూసుకుని మొత్తం విన్నారు. లినువా పేరు, లిండ్ పేరు, ఫిలిప్స్ పేరు, మూడు ఫ్రెంచి ఓడల పేర్లు, అన్నీ అయిపోయాక కళ్లు తెరిచి, "బాగుందమ్మా. ఆ పడవోడి పేరేటి?" అన్నారు.

ఇరవై రెండు పేజీలు వెనక్కి తిప్పాను. పడవవాడు, పడవవాడు, పడవవాడు అనే ఉంది.

ఇంటికి వచ్చి మళ్లీ మొదటి పేజీ తీశాను. ఊళ్లో నూకాలమ్మ పేరు పెట్టుకోని ఇల్లు ఉండదు కాబట్టి అతనికి నూకయ్య అని పేరు పెట్టాను. అతని భార్య ఆ ఉదయం ఒడ్డున నిలబడి ఉంది, ఆమెకూ ఒక పేరు కావాలి. వారిద్దరికీ ఒక పిల్ల ఉండాలి, ఆ పిల్లకు జ్వరంగా ఉండాలి, అప్పుడు గాని కూలి డబ్బులు ఎందుకో పాఠకుడికి తెలియదు. మొదటి ఫిరంగి మోగే సమయానికి నూకయ్య కుట్టు వదిలిన పలక దగ్గర గొంతుక్కూర్చుని కొబ్బరి తాడు బిగిస్తున్నాడు.